విమాన కంపెనీలు కలిసిపోతే మీ రూటులో ఏం జరుగుతుంది? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. విమానయాన కంపెనీల విలీనం వార్త వచ్చినప్పుడు ముందుగా కనిపించే అంకె, దేశం మొత్తం మీద కొత్త కంపెనీ వాటా ఎంత అని. అమెరికాలో అమెరికన్, డెల్టా, యునైటెడ్, సౌత్‌వెస్ట్ నాలుగూ కలిసి దేశీయ మార్కెట్‌లో సుమారు 80 శాతం పంచుకున్నాయన్న మాట మీరు వినే ఉంటారు. మాట నిజమే. కానీ ఆ అంకెను పట్టుకుని మీ టికెట్ ధర ఎటు పోతుందో చెప్పలేం. ధర తేలేది రూటులో. బోస్టన్ నుంచి మయామీ వెళ్లాల్సిన మనిషికి సియాటిల్–డెన్వర్ విమానం ఎంత చౌకైనా పనికిరాదు. అందుకే పోటీ నియంత్రణ అధికారులు బయల్దేరే ఊరు, చేరే ఊరు అనే జతను ఒక్కొక్కటిగా విడి మార్కెట్‌గా చూస్తారు. రెండు కంపెనీలూ నేరుగా నడిపే రూట్లెన్ని, ఒకటి నేరుగా, ఇంకొకటి మధ్యలో ఆగి వెళ్లేవి ఎన్ని, అసలు తగలని రూట్లెన్ని అని మూడు కుప్పలు పోస్తారు. నొప్పి మొదటి కుప్పలో ఉంటుంది. లాభం ఏదైనా ఉంటే చాలావరకు మూడో కుప్పలో ఉంటుంది.

మొదటి కుప్పను కొలవడానికి వాడే లెక్క తేలికే. ఒక రూటులో ఉన్న ప్రతి కంపెనీ వాటా శాతాన్ని దానితో దాన్నే గుణించి, అన్నీ కూడాలి. దీన్ని హర్ఫిండాల్–హిర్ష్‌మన్ సూచీ అంటారు. ఒక రూటులో మూడు కంపెనీలు ఉన్నాయి, వాటాలు 40, 35, 25 అనుకుందాం. 1,600, 1,225, 625 కలిపితే 3,450. ఇప్పుడు రెండోదీ మూడోదీ కలిశాయి. వాటాలు 40, 60. సూచీ 5,200. అంటే పెరుగుదల 1,750. అమెరికా 2023 విలీన మార్గదర్శకాల ప్రకారం సూచీ 1,800 దాటి, పెరుగుదల 100 దాటితే చాలు, ఆ విలీనం పోటీకి హాని చేస్తుందన్న అనుమానంతోనే పరిశీలన మొదలవుతుంది. విమాన రూట్లలో ఈ గీత దాటని విలీనం దొరకడం కష్టం, ఎందుకంటే చాలా రూట్లలో మొదటి నుంచీ ఇద్దరో ముగ్గురో తప్ప ఉండరు.

అయితే ఈ సూచీకి ఒక పెద్ద లోపం ఉంది. దానికి అన్ని కంపెనీలూ ఒకటే. 25 శాతం వాటా ఉన్నది పూర్తి సేవల కంపెనీ అయినా, లో-కాస్ట్ కంపెనీ అయినా 625 అనే వేస్తుంది. ప్రయాణికుడికి మాత్రం ఆ రెండింటికీ చాలా తేడా. నా ఉద్దేశంలో విలీనం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంతమంది మిగులుతారన్నది కాదు. మాయమవుతున్నది ఎవరి ఖర్చుల పద్ధతి? దాన్నే అడగాలి.

లో-కాస్ట్ కంపెనీ ధర తగ్గించగలగడానికి కారణం దాని ఖర్చుల నిర్మాణం. ఒకే రకం విమానాలు ఉంటాయి కాబట్టి పైలట్ శిక్షణ, విడిభాగాలు, మెకానిక్‌లు అన్నీ ఒకే రకం. విమానం దిగిన అరగంట ప్రాంతంలో మళ్లీ ఎగిరేలా చూస్తారు, రోజులో ఒక ట్రిప్పు ఎక్కువ వస్తుంది. సీట్లు దగ్గర దగ్గరగా వేస్తారు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ లెక్కలో చాలా పెద్దది. ఇంధనం, పైలట్లు, ల్యాండింగ్ ఫీజు, విమానం లీజు — ఇవేవీ సీట్ల సంఖ్యతో పెద్దగా మారవు. ఎయిర్‌బస్ ఏ320 అనే ఒకే రకం విమానంలో 182 సీట్లు వేస్తే ఒక సీటు మీద పడే ఖర్చు 100 అనుకోండి, 162 సీట్లు వేస్తే అది 112 అవుతుంది. ఒక్క ప్రయాణికుడూ ఎక్కకముందే 12 శాతం తేడా.

ఈ 182, 162 నేను ఊరికే చెప్పిన అంకెలు కావు. మొదటిది అమెరికా లో-కాస్ట్ కంపెనీ స్పిరిట్ తన ఏ320లో వేసిన సీట్లు. రెండోది అక్కడిదే ఇంకో కంపెనీ జెట్‌బ్లూ తన ఏ320లో వేసినవి. 2022 జులైలో స్పిరిట్‌ను 380 కోట్ల డాలర్లకు కొంటామని జెట్‌బ్లూ ఒప్పందం చేసుకుంది. కొన్నాక స్పిరిట్ విమానాల్లో సీట్లు తీసి జెట్‌బ్లూ పద్ధతిలో అమర్చాలన్నది ప్రణాళిక. 2023 మార్చిలో అమెరికా న్యాయశాఖ కోర్టుకు వెళ్లింది. కంపెనీల సొంత లెక్కలనే ఫిర్యాదులో పెట్టింది: స్పిరిట్ ఒక రూటులోకి వస్తే సగటు ఛార్జీ 17 శాతం పడిపోతుంది, స్పిరిట్ వెళ్లిపోతే 30 శాతం పెరుగుతుంది. జెట్‌బ్లూ వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. పెద్ద నాలుగింటికి గట్టి పోటీ ఇవ్వాలంటే మేం పెద్దవాళ్లం కావాలి, విమానాలు కావాలి, పైలట్లు కావాలి, ఇవి రెండూ బయట దొరకడం లేదు అన్నారు. బోస్టన్‌లో ఫెడరల్ జడ్జి విలియం యంగ్ 2024 జనవరి 16న విలీనాన్ని ఆపేశారు. పెద్ద కంపెనీల మీద పోటీ పెరగవచ్చని ఆయన ఒప్పుకున్నారు. కానీ ధర ఒక్కటే చూసి ప్రయాణించే మనిషికి జరిగే నష్టాన్ని, కాస్త డబ్బున్న ప్రయాణికుడికి వచ్చే లాభంతో చెల్లు వేయలేమన్నారు. ఈ తీర్పులో నాకు ముఖ్యంగా అనిపించేది ఇదే. సగటు ప్రయాణికుడు అనే మనిషి లేడు. చౌక టికెట్ లేకపోతే అసలు ప్రయాణమే మానుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లు ఛార్జీల సగటులో కనిపించరు, ఎందుకంటే వాళ్లు టికెట్ కొనలేదు కదా.

లో-కాస్ట్ కంపెనీ రూటులోకి వస్తే మిగతావాళ్ల ఛార్జీలు కూడా దిగుతాయన్న సంగతికి 1993లో అమెరికా రవాణా శాఖ సౌత్‌వెస్ట్ ప్రభావం అని పేరు పెట్టింది. ఇంకో సంగతి ఉంది, ఇది తక్కువమంది పట్టించుకుంటారు. ఆ కంపెనీ రూటులోకి రాకపోయినా, రెండు చివరల విమానాశ్రయాల్లో దానికి కౌంటర్లు, గేట్లు ఉంటే చాలు, పాత కంపెనీలు ముందుగానే ఛార్జీ తగ్గించడం పరిశోధనల్లో తేలింది. అంటే లో-కాస్ట్ కంపెనీ మాయమైనప్పుడు అది నడిపే రూట్లతో పాటు, అది నడపగలిగిన రూట్లు కూడా నష్టపోతాయి. విలీనం కాగితాల్లో ఆ రెండో నష్టానికి వరుస ఉండదు.

కొనేది కూడా లో-కాస్ట్ కంపెనీయే అయితే ఏమవుతుంది? 2010 సెప్టెంబరులో సౌత్‌వెస్ట్ సుమారు 140 కోట్ల డాలర్లకు ఎయిర్‌ట్రాన్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఎయిర్‌ట్రాన్ అంటే అట్లాంటాలో డెల్టాకు ఎదురుగా నిలబడి హబ్ (చాలా రూట్లు వచ్చి కలిసే కేంద్రం) నడిపిన కంపెనీ. 2011 మేలో కొనుగోలు పూర్తయింది, 2014 డిసెంబరు 28న ఎయిర్‌ట్రాన్ పేరుతో చివరి విమానం ఎగిరింది. మధ్యలో జరిగినవి చూడండి. ఎయిర్‌ట్రాన్ బోయింగ్ 717లు సౌత్‌వెస్ట్‌కు సరిపడలేదు, ఎందుకంటే సౌత్‌వెస్ట్ బలమంతా ఒక్క 737 నడపడంలో ఉంది. 88 విమానాలు వదిలించుకుంది. అవి ఎవరికి వెళ్లాయి? అట్లాంటాలో ఎయిర్‌ట్రాన్‌తో పోటీ పడ్డ డెల్టాకే. ఎయిర్‌ట్రాన్ పైలట్ల జీతాలు సౌత్‌వెస్ట్ స్థాయికి చేరాయి, అది ఉద్యోగులకు న్యాయమే, కానీ చౌక ఖర్చు పోయింది. 2013లో అట్లాంటా హబ్ పద్ధతిని తీసేశారు. 717 లాంటి చిన్న విమానానికి సరిపడే చిన్న ఊళ్లు కొన్ని జాబితాలోంచి జారిపోయాయి. ఎవరూ చెడు చేయాలని చేయలేదు. రెండు తక్కువ ఖర్చుల పద్ధతులు కలిసినప్పుడు జీతాల్లో ఎక్కువది నిలుస్తుంది, విమానాల్లో ఒక రకం పోతుంది. దాదాపు ప్రతి విలీనంలో జరిగేది ఇదే.

భారతదేశంలో దీనికంటే ఘాటైన ఉదాహరణ ఉంది. ఎయిర్ డెక్కన్ 2003లో మొదలై చిన్న ఊళ్లకు చౌక టికెట్లు తెచ్చింది. 2007లో కింగ్‌ఫిషర్ అందులో 26 శాతం కొంది, 2008లో విలీనం జరిగింది. కింగ్‌ఫిషర్‌కు దీనివల్ల వచ్చిన ఒక ముఖ్య లాభం విదేశీ సర్వీసుల అర్హత, ఎందుకంటే అప్పటి నిబంధన ప్రకారం దేశంలో ఐదేళ్లు నడిపి ఉండాలి, ఆ ఐదేళ్లు డెక్కన్‌కే ఉన్నాయి. డెక్కన్ పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2011లో ఆ చౌక విభాగాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించారు, 2012 అక్టోబరులో మొత్తం కంపెనీ ఆగిపోయింది. కెనడాలోనూ వెస్ట్‌జెట్ సన్‌వింగ్‌ను కలుపుకున్న 2023లోనే తన సొంత చౌక కంపెనీ స్వూప్‌ను ఎత్తేసింది. పూర్తి సేవల కంపెనీ చేతిలో చౌక బ్రాండ్ ఎక్కువ కాలం బతకకపోవడానికి కారణం, ఆ బ్రాండ్ లాక్కునేది ముందుగా సొంత ఇంటి ప్రయాణికులనే.

ఇప్పుడు స్లాట్ల దగ్గరికి, అంటే విమానాశ్రయంలో దిగడానికో ఎగరడానికో ఇచ్చే అనుమతుల దగ్గరికి వద్దాం. నియంత్రణ అధికారులు విలీనాన్ని పూర్తిగా ఆపడం అరుదు. షరతులతో ఒప్పుకోవడమే ఎక్కువ. షరతుల్లో రెండు రకాలు. ఒకటి, కంపెనీ దగ్గరున్నది తీసి పోటీదారుకు ఇప్పించడం. రెండు, కంపెనీ నుంచి మాట తీసుకోవడం.

మొదటి రకం పని చేసిన సందర్భాలు ఉన్నాయి. 2010లో యునైటెడ్, కాంటినెంటల్ కలిసినప్పుడు న్యూయార్క్ పక్కనున్న న్యూవర్క్‌లో 36 స్లాట్లు సౌత్‌వెస్ట్‌కు ఇప్పించారు. ఒక స్లాట్ అంటే ఒక ల్యాండింగ్‌కో ఒక టేకాఫ్‌కో అనుమతి, కాబట్టి 36 అంటే రోజుకు 18 రాకపోకలు. 2013లో అమెరికన్, యూఎస్ ఎయిర్‌వేస్ విలీనం మీద న్యాయశాఖ కేసు వేసి, మూడు నెలల్లో రాజీకి వచ్చింది. వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో 104 స్లాట్లు, లగార్డియాలో 34, ఇంకా బోస్టన్, షికాగో ఓహేర్, డల్లాస్ లవ్ ఫీల్డ్, లాస్ ఏంజెలిస్, మయామీల్లో రెండేసి గేట్లు వదులుకోవాలని షరతు. స్లాట్లు సౌత్‌వెస్ట్, జెట్‌బ్లూ, వర్జిన్ అమెరికాలకు చేరాయి. స్లాట్లు బిగుతుగా ఉన్న విమానాశ్రయంలో ఎంత డబ్బున్న కొత్త కంపెనీ అయినా లోపలికి రాలేదు, కాబట్టి అక్కడ స్లాటే పోటీ. యూరప్‌లో లుఫ్తాన్సా ఇటలీ వారి ఐటీఏలో 41 శాతం కొన్నప్పుడు కూడా మిలాన్ లినాటే విమానాశ్రయం స్లాట్లు చౌక కంపెనీ ఈజీజెట్‌కు వెళ్లాయి. అక్కడ స్లాట్‌ను ఒక సీజన్‌లో 80 శాతం వాడకపోతే చేజారుతుందనే నియమం ఉంది. అందువల్ల పాత కంపెనీలు ఖాళీ విమానమైనా తిప్పి స్లాట్ కాపాడుకుంటాయి తప్ప తమంతట తాము వదలవు.

అయితే స్లాట్ ఎవరికి ఇస్తున్నారన్నది చూడాలి. ఐర్లండ్ లో-కాస్ట్ కంపెనీ ర్యానైర్, అక్కడిదే అయిన ఎయిర్ లింగస్‌ను కొనడానికి చేసిన ప్రయత్నాన్ని యూరోపియన్ కమిషన్ 2007లో ఒకసారి, 2013లో ఇంకోసారి ఆపేసింది. రెండోసారి 46 రూట్లలో రెండు కంపెనీలూ తలపడుతున్నాయి. ర్యానైర్ ఫ్లైబీ అనే చిన్న కంపెనీకి కొన్ని రూట్లు అప్పగిస్తామంది. ఫ్లైబీకి ర్యానైర్‌తో నిలబడి పోటీ చేసే సత్తా లేదని కమిషన్ తోసిపుచ్చింది. సరైన నిర్ణయమే. బలహీనుడికి స్లాట్లు ఇస్తే రెండేళ్లలో ఆ రూటు మళ్లీ పాతవాళ్ల చేతికే వస్తుంది.

రెండో రకం, అంటే మాట తీసుకోవడం. దక్షిణ కొరియాలో కొరియన్ ఎయిర్, ఏషియానా విలీనానికి ఛార్జీల పెంపు మీద పరిమితి పెట్టారు. 2024 డిసెంబరులో కొనుగోలు పూర్తయింది. 2025లోనే ఏషియానా ఆ పరిమితి దాటిందని అక్కడి నియంత్రణ సంస్థ 1,210 కోట్ల కొరియా వన్‌ల జరిమానా వేసింది. ఛార్జీ పరిమితికి ఇంకో బలహీనత కూడా ఉంది. టికెట్ ధరను పరిమితం చేయవచ్చు, కానీ చౌక తరగతి సీట్ల సంఖ్య తగ్గిస్తే? వారానికి విమానాలు తగ్గిస్తే? ప్రతి దానికీ మళ్లీ కాపలా కావాలి. అలాస్కా, హవాయియన్ విలీనంలో అమెరికా రవాణా శాఖ 2024లో మైళ్ల (తరచూ ప్రయాణించేవారికి కంపెనీ ఇచ్చే పాయింట్ల) విలువ కాపాడాలని, హవాయి దీవుల మధ్య సర్వీసులు కొనసాగించాలని, పిల్లల పక్కన పెద్దలకు సీటు ఇవ్వాలని ఆరేళ్ల షరతులు పెట్టింది. ప్రయాణికుడికి నేరుగా తగిలే షరతులు కాబట్టి ఇవి మేలు. అయినా ఏడో ఏడు వస్తుంది.

ఇక్కడ ముందు వరసలోంచి ఒకరు అడుగుతున్నారు: స్పిరిట్ విలీనాన్ని ఆపారు, ఆ స్పిరిట్ దివాలా తీసింది కదా, ఆపి ఏం లాభమని. న్యాయమైన ప్రశ్న, తప్పించుకోను. తీర్పు వచ్చిన పది నెలలకు, 2024 నవంబరులో స్పిరిట్ దివాలా రక్షణ కోరింది. 2025 మార్చిలో బయటపడి, ఆగస్టులో మళ్లీ వెళ్లింది. ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలో లోపం బయటపడి విమానాలు నేల మీద ఉండిపోయాయి. అప్పు ఎక్కువ. దానికి తోడు డెల్టా 2012 నుంచి, తర్వాత అమెరికన్, యునైటెడ్ బేసిక్ ఎకానమీ టికెట్లు మొదలుపెట్టాయి. ప్రతి విమానంలో కొన్ని సీట్లు స్పిరిట్ ధరకే అమ్ముతారు, ఆ లోటును ముందు తరగతి సీట్లతో, క్రెడిట్ కార్డు మైళ్లతో వచ్చే ఆదాయంతో పూడ్చుకుంటారు. స్పిరిట్‌కు పూడ్చుకోవడానికి ఆ స్థాయిలో ఇంకో ఆదాయం లేదు. కాబట్టి విలీనాన్ని ఆపితే పోటీ కాస్త మిగులుతుంది, కంపెనీ నిలబడుతుందన్న హామీ రాదు. కానీ దివాలా తీస్తే విమానాలు, గేట్లు మార్కెట్లోకి వస్తాయి, ఇంకో చౌక కంపెనీ అందుకోగలదు. విలీనంలో అవి నేరుగా ఒకే చేతికి చిక్కుతాయి. జర్మనీలో ఎయిర్ బెర్లిన్ 2017లో పడిపోయాక లుఫ్తాన్సా దేశీయ ఛార్జీలు సగటున 25–30 శాతం పెరిగాయని అక్కడి పోటీ సంస్థ తేల్చింది. తర్వాత ఈజీజెట్ బెర్లిన్ రూట్లలోకి వచ్చాక ఆ రూట్లలో ఛార్జీలు దిగాయి. అందుకే నేను పదే పదే స్లాట్, గేట్ అంటున్నాను.

ధర కాకుండా ఇంకో ముప్పు కూడా ఉంది. 2025 డిసెంబరులో ఇండిగో పైలట్ల విశ్రాంతి నిబంధనలకు తగ్గట్టు డ్యూటీలు సర్దుకోలేక వేల విమానాలు రద్దు చేసింది. ఆ కంపెనీ విలీనంతో పెరిగింది కాదు, సొంతంగా పెరిగింది. కానీ దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒకే కంపెనీలో ఉంటే, దాని డ్యూటీ చార్టులో తప్పు దేశం మొత్తం తప్పవుతుంది. మిగతా కంపెనీల్లో అంతమందికి సీట్లు ఎక్కడివి? ఛార్జీలు ఎగబాకి, ప్రభుత్వం 500 కిలోమీటర్ల లోపు రూ.7,500, 1,500 కిలోమీటర్లు దాటితే రూ.18,000 అని గరిష్ఠ పరిమితులు పెట్టాల్సి వచ్చింది.

లాభాల సంగతి కూడా చెప్పాలి. రెండు కంపెనీల రూట్లు తగలకపోతే, మీరు రెండు వేర్వేరు టికెట్లు కొనే చోట ఒకే టికెట్ వస్తుంది. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఉచితంగా తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత కంపెనీది అవుతుంది, సామాను చివరి ఊరి దాకా వెళ్తుంది. ఇది నిజమైన మేలే. మాయమైన పోటీతో ముడిపెట్టి దాన్ని అమ్మడమే తప్పు.

చివరిగా, మీ దగ్గర టికెట్ ఉండగా విలీనం జరుగుతుంటే చేయాల్సినవి. అన్నిటికంటే గడ్డు రోజు రిజర్వేషన్ వ్యవస్థలు కలిపే రోజు. యునైటెడ్ 2012 మార్చి 3న ఒక్కసారిగా మార్చింది, ఫోన్లకు జవాబు లేదు, కౌంటర్ల దగ్గర బారులు. అమెరికన్ 2015లో దాన్ని చూసి, మార్పు రోజు అక్టోబరు 17కు 90 రోజుల ముందు నుంచే ఆ తేదీ తర్వాతి టికెట్లన్నీ ఒకే వ్యవస్థలో అమ్మింది. పెద్ద గొడవ లేకుండా గడిచింది. ఆ తేదీని కంపెనీ ముందే చెబుతుంది. వీలైతే దానికి అటూ ఇటూ మూడు రోజులు ప్రయాణం పెట్టుకోకండి. పెట్టుకుంటే, విమానం నడిపే కంపెనీ పీఎన్‌ఆర్ విడిగా తీసుకోండి. టికెట్ అమ్మిన కంపెనీ పీఎన్‌ఆర్‌తో చెక్-ఇన్ తెరుచుకోకపోవడం ఇలాంటప్పుడు మామూలే. డబ్బు కట్టి ఎంచుకున్న సీటు, వీల్‌చైర్ కోరిక, చిన్నపిల్లల టికెట్, ప్రత్యేక భోజనం — ఈ నాలుగూ కొత్త వ్యవస్థలోకి తరచుగా రావు. టికెట్ వస్తుంది, ఇవి రాలిపోతాయి. మార్పు జరిగిన మర్నాడే బుకింగ్ తెరిచి ఒక్కొక్కటీ చూసుకోండి, చెల్లించిన రసీదు దగ్గర పెట్టుకోండి. టెర్మినల్ కూడా మారి ఉండవచ్చు.

విలీనం తర్వాత షెడ్యూలు మారుతుంది, ఉదయం ఏడుకు ఒకటి, ఏడుంపావుకు ఒకటి ఉంటే ఒకటే మిగులుతుంది. కంపెనీ మిమ్మల్ని వేరే విమానంలోకి మార్చి ఒక ఈమెయిల్ పంపుతుంది. అందులో అంగీకరిస్తున్నాను అన్న బటన్ నొక్కేముందు ఆగండి. అమెరికాలో 2024 నిబంధన ప్రకారం దేశీయంగా 3 గంటలు, అంతర్జాతీయంగా 6 గంటలు దాటి సమయం మారితే, విమానాశ్రయం మారితే, మధ్యలో ఆగే ఊళ్లు పెరిగితే, మీరు ఆ మార్పు వద్దంటే పూర్తి డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఒప్పుకుంటే ఆ హక్కు పోతుంది. యూరప్‌లో విమానం రద్దయితే డబ్బు వాపసో, వేరే విమానమో ఎంచుకోవడం మీ ఇష్టం. రద్దు సంగతి ప్రయాణానికి 14 రోజుల కంటే తక్కువ ముందుగా చెబితే, కొన్ని మినహాయింపులతో, నష్టపరిహారం కూడా వస్తుంది.

మైళ్ల విషయం. రెండు కంపెనీల మైళ్ల కార్యక్రమాల్లోనూ ఖాతాలు ఉంటే పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్ రెండిటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయేమో ఇప్పుడే చూడండి. ఖాతాలు కలపలేకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. పాత కార్యక్రమం పట్టికలో (ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్లో చెప్పేది) మంచి ధరకు దొరుకుతున్న టికెట్ ఏదైనా ఉంటే, మూసేస్తామని చెప్పిన తేదీ కంటే ముందే వాడేయండి. ఒక్కో మైలును ఒక్కో మైలుగానే మార్చినా, కొత్త పట్టికలో అదే ప్రయాణానికి ఎక్కువ మైళ్లు అడగవచ్చు. ఆ తేదీకి ముందు జారీ అయిన టికెట్‌కు పాత పట్టికే వర్తిస్తుంది. వోచర్లకు, ట్రావెల్ క్రెడిట్లకు గడువు విడిగా ఉంటుంది, అది మైళ్లతో పాటు పొడిగించరు.